ఈసుకుపోయిన ప్రతి గొర్రెకూ బ్రూసెల్లా కాదు

ప్రశ్న: నాకు 90 గొర్రెలున్నాయి. పోయిన ఏడు సంతలో 20 చూడి గొర్రెలు కొని మందలో కలిపాను. ఈసారి ఇప్పటికే 11 గొర్రెలు ఈసుకుపోయాయి (చూలు పోయింది). అన్నీ ఈనడానికి పదిహేను, ఇరవై రోజుల ముందే. మేత మాత్రం బాగానే తింటున్నాయి. మందుల షాపాయన బ్రూసెల్లా (చూలు పోగొట్టే ఒక క్రిమి రోగం) అని చెప్పి పెన్సిలిన్ సూదులు, నట్టల మందు ఇచ్చాడు. తగ్గలేదు. బ్రూసెల్లా టీకా వేయించాలా? ఈసుకుపోయినవాటిని అమ్మేయాలా? మాయ ఫొటో పంపుతున్నాను. దొడ్డి పని నేను, మా కోడలు చూసుకుంటాం. ఆమెకు ఇప్పుడు ఐదో నెల.
– గొర్రెల పెంపకందారు, నాగర్‌కర్నూలు జిల్లా

జవాబు: ముందు మీ కోడలి సంగతి. ఇవాళ్టి నుంచి ఆమె దొడ్డిలో అడుగు పెట్టకూడదు. మాయ, ఈసుకుపోయిన పిల్ల, అప్పుడే ఈనిన గొర్రెపిల్ల, మీరు దొడ్డిలో వేసుకున్న బట్టలు, ఏవీ ఆమె ముట్టకూడదు. మీ మందలో ఉందని నేను అనుమానిస్తున్న రోగం, క్లమీడియా, గర్భిణులకు సోకితే గర్భం పోవచ్చు, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆమెకు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో గొర్రెలు ఈసుకుపోతున్నాయని డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్లు అడగకపోవచ్చు.

ఇక మంద సంగతి. నా అనుమానం బ్రూసెల్లా మీద కాదు, క్లమీడియా అనే మరో క్రిమి మీద. గొర్రె హుషారుగా ఉండి చివరి రెండు మూడు వారాల్లో ఈసుకుపోవడం, పడిన పిల్ల కుళ్లకుండా నిండుగా ఉండటం దీని తీరు. మీ ఫొటోలో మాయ గుండీల (మాయ మీద ఉండే గుండ్రటి కండ బొడిపెల) మధ్య పొర పల్చగా ఉండాల్సింది తోలులా మందమెక్కింది, దాని మీద మట్టిరంగు చీము పట్టింది. బయటి నుంచి తెచ్చిన గొర్రె ఒక ఈతలో రోగం అంటిస్తుంది, అంటుకున్నవి మరుసటి చూలులో ఈసుకుపోతాయి. మీ లెక్క సరిగ్గా అలాగే ఉంది.

అయినా ఫొటో చూసి తేల్చను. బ్రూసెల్లాలోనూ, క్యూ జ్వరం అనే ఇంకో క్రిమి రోగంలోనూ మాయ ఇలా కనిపించవచ్చు. ఈసారి గొర్రె ఈసుకుపోగానే చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు వేసుకుని, గుండీలు రెండు మూడు చుట్టూ ఉన్న పొరతో సహా కోసి శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. ఐస్ పెట్టి 24 గంటల్లోగా మీ పశువైద్యుడి ద్వారా జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు చేర్చండి. మాయ దొరక్కపోతే రెండు మూడు రోజుల్లోగా యోని స్రావం తీయించండి. ఈసుకుపోయిన 5–6 గొర్రెల రక్తం ఒకసారి, మూడు వారాలకు మరోసారి ఇవ్వండి. స్లైడు రంగు పరీక్షలో ఎర్రటి సన్నని చుక్కలు కనిపించినంత మాత్రాన సరిపోదు, బ్రూసెల్లా కూడా అలాగే కనిపిస్తుంది. అందుకే పీసీఆర్ (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) కావాలని రాయించండి. క్లమీడియా క్రిమి కణాల లోపలే బతుకుతుంది కాబట్టి మామూలు కల్చర్‌లో (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షలో) పెరగదు. కల్చర్‌లో ఏమీ రాలేదంటే రోగం లేదని కాదు.

టీకా మాట వదిలేయండి. మన దగ్గర వేసే బ్రూసెల్లా టీకా 4–8 నెలల ఆవు, గేదె పెయ్యలకే. అందులో ఉండేది బతికున్న క్రిమి, చూడి గొర్రెలకు పొడవడానికి వీల్లేదు. పారుడు రోగం, చిటుకు రోగం టీకాలు సమయానికి వేయించండి, కానీ అవి దీన్ని ఆపవు.

ఇంకా ఈనాల్సిన గొర్రెలకు, చూలు 95–100 రోజులు దాటాక, దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు ఇవ్వాలి. మిల్లీలీటరుకు 200 మి.గ్రా. ఉన్న సీసా అయితే 10 కిలోలకు 1 మి.లీ., అంటే 30 కిలోల గొర్రెకు 3 మి.లీ., మెడ కండలో లోతుగా. ఈనేదాకా రెండు వారాలకోసారి. మాయ ఇప్పటికే చెడిన గొర్రెలు కొన్ని సూది వేసినా ఈసుకుపోతాయి, కంగారుపడి మోతాదు పెంచకండి. సూది పడిన గొర్రెను సీసా మీద రాసిన గడువు తీరేదాకా, మామూలుగా 28 రోజులు, మాంసానికి అమ్మకండి. సూది మీ పశువైద్యుడే వేయాలి, నమూనా తీశాకే వేయాలి.

పెన్సిలిన్ ఈ క్రిమిని చంపదు. నట్టల మందుకూ దీనికీ సంబంధమే లేదు. మాయ చూడకుండా, రక్తం తీయకుండా కౌంటర్ వెనక నుంచి రోగం పేరు చెప్పే మనిషి మాట మీద మీరు 90 గొర్రెల మందను పెట్టారు. ఆ డబ్బు పోతే పోయింది, పోయిన రోజుల్లో ఎన్ని గొర్రెలకు అంటిందో! మీ ఊరికి పశువైద్యుడు దూరమైతే 1962కి ఫోన్ చేయండి, సంచార వైద్యశాల వస్తుంది.

ఈసుకుపోయినవాటిని సంతకు తోలకండి, రోగాన్ని ఇంకో మందకు అమ్మినట్టవుతుంది. అవి మళ్లీ ఈసుకుపోవడం అరుదు. స్రావం ఆగేదాకా, కనీసం మూడు వారాలు విడిగా కట్టండి. వచ్చే ఈతలోనూ వాటిని వేరుగా ఈనించండి. తల్లిలేని ఆడ గొర్రెపిల్లలకు వాటి పాలు పట్టించి పెంపకానికి ఉంచుకోకండి. మాయ, చనిపోయిన పిల్ల కుక్కల నోట పడకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. తడిసిన గడ్డి కాల్చేయండి.

పొట్టేళ్లను మందలో వదిలిన తేదీ మీరు రాయలేదు. ఆ తేదీ లేకుండా 95 రోజుల లెక్క కుదరదు. అది, ఇంకా ఎన్ని గొర్రెలు ఈనాలో కలిపి రాసి పంపండి.