ఐలాషెస్ మూల లేవడం, చాక్లెట్ తెల్లబడటం - రెండింటికీ సమాధానం

అక్కా, ఫస్ట్ టైమ్ పెట్టుకున్న ఫాల్స్ ఐలాషెస్ లోపలి మూల లేచిపోతోందనీ, చెల్లి ఎంగేజ్‌మెంట్ గిఫ్ట్‌కి కొన్న ఆర్టిసన్ డార్క్ చాక్లెట్ మీద తెల్లగా వచ్చింది బూజా అనీ అడిగారు కదా.

గమ్ రాసిన వెంటనే అతికించేస్తున్నారేమో, నేనూ అదే చేసేదాన్ని. అరనిమిషం ఆగండి, కొంచెం జిగట వచ్చాకే పట్టుకుంటుంది. అంతకంటే ముందు స్ట్రిప్‌ని కంటి మీద పెట్టి కొలిచి ఎక్కువున్నది బయటి చివర్నే కత్తిరించండి, లోపలివైపు కత్తిరిస్తే పొడుగు వెంట్రుకలు ముక్కు దగ్గరకొచ్చి చీపురుకట్టలా ఉంటాయి (నా మొదటి ఫోటోలు ఎవరికీ చూపించను). వేలికి కాసేపు చుట్టి ఉంచితే వంపు వస్తుంది, మూలలు లేవవు. ఫోటోలు ఆర్కే బీచ్‌లో అంటున్నారు, ఆ ఉక్కపోతకి రెప్ప మీద క్రీమ్, ఆయిల్ అస్సలొద్దు. గమ్ ముందురోజే మోచేతి లోపల రాసి చూడండి, కొన్ని గమ్‌లలో ఉండే లేటెక్స్ (రబ్బరు పాలు) కొందరికి పడదు.

చాక్లెట్ మీద పొగలా, పొడిలా ఉంటే అది బూజు కాదు, బ్లూమ్ అంటారు, నూగులా బొచ్చుగా ఉంటే మాత్రం పారేయండి. కోకో బటర్ సుమారు 34 డిగ్రీలకే కరిగిపోతుంది, మన వైజాగ్ ఎండలో స్కూటీ డిక్కీలో పెడితే ఇంకేముంది, కరిగి మళ్ళీ గట్టిపడేటప్పుడు కొవ్వు పైకి తేలుతుంది. వేలితో రుద్దితే పోయిందంటే ఆ కొవ్వే. తినొచ్చు, గిఫ్ట్‌కి మాత్రం బాగోదు, కొత్తది కొనండి. ఫ్రిజ్‌లో పెడితే గాలి చొరని డబ్బాలో పెట్టి, తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి, లేకపోతే తేమ పట్టి ఈసారి పంచదార తేలుతుంది.

ఆ తెల్లబడినది మీరే తినేయండి, నమలకుండా నాలుక మీద కరగనిస్తూ.