హైదరాబాద్‌లో పెరిగే పిల్ల ఐస్ హాకీ ఆడగలదా?

మీరు అడిగింది ఇదీ: మీ పాపకు తొమ్మిదేళ్లు. ఒలింపిక్స్ వీడియోలు చూసి ఐస్ హాకీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఇంట్లో వాళ్లేమో "మంచే పడని ఊళ్లో ఆ ఆటేంటి" అని కొట్టిపారేస్తున్నారు. చలి లేని దేశాల్లో ఈ ఆట నిజంగానే పెరుగుతోందా, మనం ఇక్కడ మొదలుపెడితే డబ్బు దండగేనా అన్నది మీ ప్రశ్న.

దండగ కాదండీ. ఈ ఆట ఆకాశం నుంచి రాలే మంచు మీద ఆడేది కాదు, గడ్డకట్టిన నీటి మీద ఆడేది. నీళ్లు గడ్డకట్టించడం ఏ ఊళ్లోనైనా కుదురుతుంది. కష్టంగా దొరికేది ఇంకొకటి ఉంది: బడి నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం వెళ్లి వచ్చేంత దగ్గర్లో ఒక రింకు, అంటే స్కేటింగ్ కోసం కట్టిన చోటు. అది దొరికిన చోటల్లా ఆట పెరిగింది. నేను చూసిన దాన్ని బట్టి, చదివిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఇందిరా పార్కు రింకులో క్వాడ్ స్కేట్ల మీద, అంటే ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే వాటి మీద పెరిగినదాన్ని. నాన్నగారు పొద్దున్నే స్కూటర్ మీద దింపి ఆఫీసుకు వెళ్లేవారు. రోలర్ హాకీ కాలేజీ దాకా ఆడాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం వల్ల ఐదేళ్లు అబుదాబిలో ఉన్నాం. ఐస్ మీద మొదటిసారి కాలు పెట్టింది అక్కడే, అప్పటికి నాకు ముప్పై దాటింది. ఇప్పుడు మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ బాస్కెట్‌బాల్ కోర్టులో శని, ఆదివారాలు పిల్లలకు ఇన్‌లైన్ హాకీ, అంటే ఒకే వరసలో చక్రాలుండే స్కేట్ల మీద ఆడే హాకీ నేర్పుతున్నాను.

అబుదాబిలో జాయెద్ స్పోర్ట్స్ సిటీ అని ఉంది, అందులో ఐస్ రింకు. మేం మొదటిసారి వెళ్లింది జూలైలో, బయట నలభై నాలుగు డిగ్రీలు. కారు దిగి తలుపు దాకా నడిచేసరికి ఒళ్లంతా చెమట. లోపలికి అడుగుపెట్టగానే ఆ చెమటే చల్లబడి పళ్లు టకటకలాడాయి. ఇరవై ఏళ్లు చక్రాల మీద తిరిగినదాన్ని, నాకేం భయమని దిగాను. ముందుకు వెళ్లడం వచ్చింది. ఆగడం రాలేదు. చక్రాల మీద ఆగాలంటే మేం ఒక కాలు వెనక అడ్డంగా ఈడుస్తాం. ఐస్ మీద అలా కాదు, రెండు పాదాలూ ఒక్కసారి పక్కకు తిప్పి, మోకాళ్లలో కూర్చుని, బ్లేడుతో ఐస్‌ను గీకాలి. బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది, దానికి అటొక అంచు, ఇటొక అంచు. మనం నిలబడేదీ తిరిగేదీ ఆగేదీ ఆ అంచుల మీదే. అంచు సరిగ్గా పట్టకపోతే జారిపోతాం, మరీ గట్టిగా పడితే బోర్లా పడతాం. మూడు వారాలు గోడే నా బ్రేకు. ఒక సాయంత్రం ఎలా కుదిరిందో గానీ పాదాలు తిరిగాయి, సర్రుమని చప్పుడైంది, ఐస్ పొడి మోకాళ్ల దాకా ఎగిసింది, గోడకు జానెడు దూరంలో ఆగాను. ఆనందం పట్టలేక చుట్టూ చూశాను. పక్కనే ఏడెనిమిదేళ్ల ఎమిరాతీ పిల్లలు పరుగున వచ్చి అలాగే ఆగి, మాట్లాడుకుంటూ మళ్లీ వెళ్లిపోయారు. వాళ్లకది నడకతో సమానం.

ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆ పిల్లలే గుర్తొచ్చారు. ఎడారిలో పుట్టిన పిల్లలకు ఐస్ మీద ఆగడం నడకంత మామూలు అయిందంటే కారణం చలి కాదు కదా, ఇంటికి దగ్గర్లో రింకు ఉండటమే. ఆ దేశంలోనే ఫాతిమా అల్ అలీ అనే అమ్మాయి ఉంది. మ్యాచ్‌ల దగ్గర ఫొటోలు తీయడానికి వచ్చి ఆటలో పడిపోయింది. 2017లో అమెరికాలో వాషింగ్టన్ క్యాపిటల్స్ అనే ఐస్ హాకీ జట్టు ఆటగాళ్లతో కలిసి ఐస్ మీదికి దిగే దాకా వెళ్లింది.

ఫిలిప్పీన్స్ సంగతి చూడండి. అక్కడ చలికాలమే లేదు. మనీలాలో 1992లో ఒక మాల్‌లో ఐస్ రింకు పెట్టారు. షాపింగ్‌కు వచ్చిన పిల్లలే ఎక్కి తిరిగారు. అలాంటి మాల్ రింకుల్లో నేర్చుకున్న మైకేల్ మార్టినెజ్ 2014 సోచి ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్‌కు వెళ్లాడు. దేశం 2016లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది, మరుసటి ఏడాదే ఆగ్నేయాసియా క్రీడల్లో స్వర్ణం కొట్టింది. పైకి చూస్తే ఒక్క ఏడాదిలో అయినట్టుంటుంది గానీ, దాని వెనక పాతికేళ్ల మాల్ రింకు ఉంది.

మన వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ డాలస్. మా పెద్దమ్మ కొడుకు ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలిసిందే. ఆ అన్నయ్య వాళ్లబ్బాయి ఐస్ హాకీ ఆడతాడు. టెక్సాస్ ఎండ మన ఎండకు తీసిపోదు. డాలస్ స్టార్స్ అనే ఐస్ హాకీ జట్టు 1993లో మిన్నెసోటా నుంచి అక్కడికి వచ్చినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప ఇంకొకటి తెలియని ఊరు అది. అంతకు ఐదేళ్ల ముందు, 1988లో, ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ కెనడాలోని ఎడ్మంటన్ జట్టు వదిలి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాడు. ఆ తర్వాతే ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్) జట్లు వరసగా ఎండ రాష్ట్రాలకు దిగాయి. స్టార్స్ వాళ్లు పెద్ద స్టేడియంతో సరిపెట్టుకోలేదు, ఊరి చుట్టూ పేటల్లో పిల్లల కోసం రింకులు నడిపారు. వాటి దగ్గర్లోని ప్లేనోలో పెరిగిన బ్లేక్ కోల్‌మన్ 2020లో ఫ్లోరిడాలోని టాంపా జట్టు తరఫున ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. ఫైనల్లో ఓడింది ఎవరో తెలుసా? డాలస్ స్టార్సే. ఎండ ఊళ్ల రెండు జట్లు ఫైనల్ ఆడుతుంటే, ఎండ ఊళ్లో పెరిగిన పిల్లాడు తన ఊరి జట్టు మీదే కప్పు ఎత్తాడు. మా అన్నయ్య ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆరిజోనా కథ కూడా ఇలాంటిదే. ఆస్టన్ మాథ్యూస్ పెరిగింది స్కాట్స్‌డేల్‌లో, ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2016 డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. అతనికి ఆట మీద మోజు పుట్టించిన ఊరి జట్టు మాత్రం 2024లో యూటాకు తరలిపోయింది. జట్టు వెళ్లిపోయినా నేర్చుకున్న పిల్లలు మిగులుతారు.

దీనికి తలకిందులుగా జరిగింది దక్షిణ కొరియాలో. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ దగ్గర పడుతుందని కెనడా, అమెరికాల్లో పుట్టిన ఆటగాళ్లకు పౌరసత్వం ఇచ్చి పురుషుల జట్టును కట్టారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పై డివిజన్‌కు ఎక్కారు కూడా. ఒలింపిక్స్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడారు, ఆ వసంతంలోనే పై డివిజన్ నుంచి దిగిపోయారు. ఆటగాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. జట్టును తెచ్చి పెట్టుకోవచ్చు, వీధిలోని పిల్లల్ని తెచ్చి పెట్టుకోలేం. జమైకాకైతే ఒక్క రింకు కూడా లేదు, అయినా విదేశాల్లో ఉన్న జమైకా కుటుంబాల పిల్లలతో 2019లో ఫ్లోరిడాలో లాటమ్ కప్ గెలిచింది. ఆ గెలుపు నాకు ఇష్టమే, కానీ కింగ్‌స్టన్‌లో ఉన్న పిల్లకు స్కేట్లు కట్టుకునే చోటు ఇప్పటికీ లేదు. దానికంటే నైరోబీ నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ పనారీ హోటల్లో 2005లో ఒక చిన్న రింకు తెరిచారు, అసలు కొలతల కంటే బాగా చిన్నది. అక్కడే ఐస్ లయన్స్ జట్టు పుట్టింది, 2024లో కెన్యా అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. హోటల్ రింకు ఒక్కటీ చాలింది.

ఇక మన దేశం. భారత్ 1989 నుంచే సమాఖ్యలో సభ్యదేశం, కానీ పురుషుల జట్టు తొలి అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2009లో, అదీ అబుదాబిలో. అమ్మాయిల జట్టు 2016లో తైపీలో మొదలుపెట్టి, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4–3తో ఓడించి తొలి గెలుపు చూసింది. 2025లో యూఏఈలోని అల్ అయిన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చారు. ఆ జట్టులో దాదాపు అందరూ లదాఖ్ అమ్మాయిలే. నేను ఒక జనవరిలో లేహ్ వెళ్లాను. మూడున్నర వేల మీటర్ల ఎత్తు, రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. రాత్రి పదింటికి, ఎముకలు కొరికే చలిలో, ఇద్దరు మనుషులు గొట్టంతో రింకు మీద పలచగా నీళ్లు చల్లుతున్నారు. ఒక పొర గడ్డకట్టాక మళ్లీ ఒక పొర. పొద్దున్నే పిల్లలు రావాలి కదా అన్నారు. పొద్దున చూస్తే ఒక పాప పెద్దవాళ్ల స్కేట్లలో గుడ్డ కుక్కుకుని, పళ్లతో లేసు లాగి బిగిస్తోంది. అలా దొరికే ఐస్ ఏడాదికి రెండు నెలలు. మిగతా పది నెలలు ఏం చేస్తారని అడిగితే, చక్రాల మీద తిరుగుతాం అన్నారు. అంటే మనం ఇక్కడ చేస్తున్నదే. ఆ మాట విన్నాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మన ఊళ్లో పూర్తి కొలతల రింకు ఎందుకు రావడం లేదంటే, ఎండ కంటే తేమ పెద్ద సమస్య. అరవై మీటర్ల పొడవు, ముప్పై దాకా వెడల్పు ఉన్న కాంక్రీటు పలక, దాని కడుపులో గొట్టాలు, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రావణం తిరుగుతుంటే పైన ఒక అంగుళం, అంగుళంన్నర మందాన ఐస్ నిలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో తడిగాలి లోపలికొస్తే ఐస్ మీద పొగమంచు కమ్ముతుంది. అందుకే గాలిని ఆరబెట్టే యంత్రాలు రోజంతా నడవాలి. ఆ కరెంటు బిల్లు కట్టాలంటే రింకు తెల్లారుజాము నుంచి అర్ధరాత్రి దాకా నిండాలి. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన చక్కటి రింకు ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. అందుకే ముందు ఆడే పిల్లలు ఉండాలి, వాళ్ల కోసం రింకు రావాలి అంటాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. నగరంలో ఒకచోట "ఐస్ స్కేటింగ్ అకాడమీ" అని బోర్డు చూసి మా పాపకు ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టాను. తీరా చూస్తే అది ఐస్ కాదు, ప్లాస్టిక్ పలకలు. సింథటిక్ ఐస్ అంటారు. దాని మీద జారుడు తక్కువ, బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు, గోల్ కొట్టడం నేర్చుకోవడానికి అదీ పనికొస్తుంది. మూడో నెలలో తాళం వేశారు, మిగతా డబ్బు రాలేదు. పాప రెండు వారాలు మాట్లాడలేదు. కాబట్టి ఎక్కడైనా సరే, వెళ్లి చేత్తో తాకి చూసి, నెల నెలా కట్టండి.

మీ పాపకు ఇప్పుడు కావలసింది ఇన్‌లైన్ హాకీ. క్వాడ్ కాదు. నేను క్వాడ్ మీద పెరిగాను కాబట్టే చెబుతున్నాను. రోలర్ హాకీలో బంతి, పొట్టి కర్ర. ఇన్‌లైన్ హాకీలో పక్ అనే గుండ్రటి బిళ్ల, పొడుగు కర్ర, చక్రాలన్నీ ఒకే వరసలో. ఐస్‌కు దగ్గరి చుట్టం ఇదే. స్పీడ్ స్కేటింగ్ వాళ్లు వాడే పొట్టి బూటు తీసుకోవద్దు, చీలమండ దాటి వచ్చే హాకీ బూటు తీసుకోండి. ఇన్‌లైన్ పక్ తేలిక, ఐస్ పక్ నూట అరవై, నూట డెబ్బై గ్రాముల రబ్బరు బిళ్ల. అందుకని అప్పుడప్పుడు ఇంట్లో నున్నటి పలక మీద అసలు పక్‌తో కర్ర ఆడించమనండి, మణికట్టుకు ఆ బరువు తెలుస్తుంది. ఏడాదికి ఒకసారైనా నిజమైన ఐస్ మీదికి తీసుకెళ్లండి. గుర్‌గావ్ మాల్‌లో రింకు ఉంది, వేసవి సెలవుల్లో పది రోజులు చాలు. మొదటి రెండు రోజులు ఆగడం రాక ఏడుస్తుంది, నాలాగే. మూడో రోజు నుంచి చక్రాల మీద నేర్చుకున్నదంతా బయటికొస్తుంది. చక్రాల నుంచి ఐస్‌కు వెళ్లడం మన దగ్గర కొత్తేమీ కాదు, 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో (ఐస్ మీద వేగంగా జారే పందెం) స్వర్ణం గెలిచిన నయనశ్రీ తాళ్లూరి తెలంగాణ అమ్మాయే.

స్కేట్లు కొనేటప్పుడు మాత్రం, ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దవి తీసుకోకండి. బూటులో మడమ కదిలితే అంచు మీద నిలబడటం ఎప్పటికీ రాదు. పల్చటి సాక్సు వేసి, సాయంత్రం పూట, నిలబెట్టి పాదం కొలవండి. వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి, మోకాళ్లు వంచితే మడమ వెనక్కి ఆనాలి. పాతవైనా పర్లేదు, మా దగ్గర పెద్దపిల్లలు విడిచినవి నాలుగు జతలున్నాయి. పాప సైజు ఇక్కడ కామెంట్లో పెట్టండి, సరిపోయేది ఉంటే పక్కన పెడతాను.