ప్లేటు తిరుగుతోంది, వేడి రావడం లేదు

నాయనా,

నీ కథ చదివాను. పాత మైక్రోవేవ్ ఓవెన్‌ని ఒళ్ళో పెట్టుకుని కోవూరులో బస్సెక్కి, పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరు ట్రంకు రోడ్డుకొచ్చిన కుర్రాడు నాకు బాగా నచ్చాడు. నా పేచీ అంతా మెకానిక్‌తోనే. అతను ఓవెన్ విప్పాడు, ఏదో వైరు అతికించాడు, వేడొచ్చేసింది. ఏ వైరు? ఎక్కడిది? నీకు తెలియక దాటేశావని చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

అసలు కథ ఆ జబ్బులోనే ఉంది. లైటు వెలుగుతుంది, ప్లేటు తిరుగుతుంది, టైమవగానే గంట కొడుతుంది. లోపల పెట్టిన గ్లాసులో నీళ్ళు మాత్రం చల్లగానే ఉంటాయి. అంటే కరెంటు లోపలికొస్తోంది, తేడా చాలావరకు హై వోల్టేజ్ వైపే. పాతరకం ఓవెన్లో ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను సుమారు 2,000కి పెంచుతుంది. చార్జ్ నిల్వ ఉంచే కెపాసిటర్, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ కలిసి దాన్ని 4,000 దాకా తీసుకెళ్ళి మాగ్నెట్రాన్‌కి అందిస్తాయి. వేడిచేసే తరంగాలు పుట్టేది అందులోనే. వీటిలో ఏది పోయినా చాలాసార్లు ప్లేటు తిరుగుతూనే ఉంటుంది. కొన్ని మోడళ్ళలో తలుపు స్విచ్ సరిగ్గా నొక్కుకోకపోయినా ఇదే వరస.

నీ కుర్రాడి చేత "ఊరికే గూం అంటోందన్నా, ఇదివరకు ఇంత మోత లేదు" అనిపించు. డయోడ్ షార్టయితే అలాగే గట్టిగా మోగుతుంది. ఆ ఒక్క మాటకి మెకానిక్ తలెత్తి చూస్తే చాలు, అతని పనితనం గురించి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసింది భయం. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో చార్జ్ నిలిచి ఉంటుంది, ప్రాణం తీసేంత. దాన్ని దించడానికి చాలావాటి లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది గానీ, అదీ పోయి ఉండొచ్చు. పని తెలిసినవాడు దాన్ని నమ్మడు. మూత తీశాక చెయ్యి వెంటనే లోపలికి పోనివ్వడు. ముందు చార్జ్ దించుతాడు, మీటరు పెట్టి చూసుకుంటాడు, ఆ తర్వాతే దేన్నైనా ముట్టుకుంటాడు. ఆ కాసేపూ కుర్రాడిని వెనక్కి జరగమనాలి. నీ కథలో మెకానిక్ మాట్లాడుతూనే చెయ్యి పెట్టేశాడు. అది చదివి ఇంట్లో ఎవరో స్క్రూడ్రైవర్ పట్టుకుంటే? ఈ ఒక్కటీ మార్చకుండా కథ ఎక్కడికీ పంపొద్దు.

డయోడ్ పరీక్ష కూడా దగ్గరుండి చూడు. మామూలు మల్టీమీటర్‌కి మంచి డయోడ్ కూడా రెండువైపులా తెగినట్టే కనిపిస్తుంది. అందుకని 9 వోల్టుల బ్యాటరీ జతచేసి చూస్తారు. ఇలాంటివి ఊహిస్తే రావు. సాయంత్రం రద్దీ తగ్గాక ఏదైనా షాపుకెళ్ళి, పనికి అడ్డం రాకుండా కూర్చో. "అన్నా, ఏది పోతే ఇక బాగుచేయడం దండగంటావు?" అని అడుగు. ఆ జవాబులో నీకు ఇంకో కథ దొరకొచ్చు.

చివర్లో నిన్నటి చేపల పులుసు వేడిచేయించావు. మనవైపు మర్నాటి పులుసు వేడి చెయ్యకుండా తినేవాళ్ళే ఎక్కువ కదా. అక్కడ పాలు పెట్టు.

తిరగరాశాక పంపించు, చదువుతాను.

ఆశీస్సులతో.