దారి కాగితాల్లో లేని ప్లాటుకు పీఎఫ్ డబ్బా?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల ప్లాటు గజం 18 వేలకు వస్తోంది. పక్కనే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న వెంచర్‌లో 22 వేలు. ఈ ప్లాటుకు వెళ్లే మట్టిబాట వేరొకరి పొలంలోంచి ఉంది. ‘ఎప్పటినుంచో ఉన్న దారే, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే’ అంటున్నారు అమ్మేవారు. బ్యాంకు రుణం రాదట. పీఎఫ్ నుంచి 20 లక్షలు తీసి, మిగతా 16 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వద్దండి. 8 లక్షలు మిగులుతున్నాయనుకుంటున్నారు గానీ, ఆ ధర తగ్గిందే దారి తేలకపోవడం వల్ల. బ్యాంకు వెనకాడుతున్న చోట పదవీ విరమణ సొమ్ము పెట్టడం నాకు చాలా భయంగా ఉంది.

ముందుగా ఆ సర్వే నంబరున్న గ్రామ నక్షా (పటం) తీయించండి. బండ్లబాట అయితే అందులో జంట చుక్కల గీతగా కనిపిస్తుంది. అలా ఉంటే అది అందరి దారి, ఎవరూ దున్నేసుకోవడానికి వీల్లేదు. లేకపోతే అది రైతు పట్టా భూమి. ఇవాళ మొహమాటానికి నడవనిస్తారు, రేపు ఆయన పిల్లలు కంచె వేస్తారు. 20 ఏళ్లపాటు బహిరంగంగా, హక్కుగా, అడ్డు లేకుండా వాడుకున్న దారికి చట్టం రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ దాన్ని సివిల్ కోర్టులో రుజువు చేసుకోవాల్సింది మీరే, అదీ పర్సనల్ లోన్ వాయిదాలు కడుతూ.

పక్క వెంచర్‌కు గజానికి 4 వేలు ఎందుకు ఎక్కువో ఇక్కడే తెలుస్తుంది. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు రాసిస్తారు. ఆ తర్వాత వాటిని అమ్ముకునే హక్కు వెంచర్ యజమానికి ఉండదు.

‘ఓఆర్ఆర్ పక్కనే’ అన్న మాటకూ విలువ కట్టకండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కలేం. హెచ్‌ఎండీఏ 2031 మాస్టర్ ప్లాన్ కూడా చూడండి, ప్రతిపాదిత రోడ్డు మీ ప్లాటు మీదుగానే ఉండవచ్చు.

మీ 36 లక్షల లెక్కలోనే పక్క వెంచర్‌లో 150 గజాలు 33 లక్షలకు వస్తాయి. కాగితాలు సరిగా ఉంటే ప్లాటు రుణానికీ దారి ఉంటుంది, పీఎఫ్‌ను అంతగా కదపక్కర్లేదు. ఈ ప్లాటే కావాలంటే, దారి ఇస్తున్న రైతు చేత వెడల్పు, హద్దులు, సర్వే నంబరు రాయించి రిజిస్టర్ చేయించమని అమ్మేవారిని అడగండి. అది చేతికొచ్చేవరకు బయానా కూడా ఇవ్వకండి.