స్టీరియో స్లైడ్లకు ముందు మంచి వ్యూయర్, ఆ తరువాతే ప్రొజెక్టర్

పాత పెట్టెలో దొరికిన స్టీరియో స్లైడ్లను (లోతు కనిపించేలా ఎడమ, కుడి కళ్లకు ఒక్కో ఫిల్మ్ బొమ్మను ఒకే చట్రంలో పక్కపక్కన బిగించినవి) ఇంట్లో అందరికీ చూపించడానికి ప్రొజెక్టర్ కొనాలా, కళ్లకు ఆనించి చూసే చేతి వ్యూయర్ సరిపోతుందా అని అడిగారు. ముందు వ్యూయరే తీసుకోండి. మీరు చెప్పిన 41 × 101 మిల్లీమీటర్ల చట్రాలు 1947లో వచ్చిన స్టీరియో రియలిస్ట్ కెమెరా తరహావి కనుక, ఆ కొలతకు సరిపోయే, లోపల బల్బు ఉన్న వ్యూయర్ కావాలి.

నా మొదటి వ్యూయర్‌లో కోడాక్రోమ్ (కోడాక్ కంపెనీ రంగుల ఫిల్మ్) స్లైడ్లన్నీ గోధుమరంగుకు తిరిగినట్టు కనిపిస్తే, ఫిల్మ్ పాడైపోయిందని చాలా రోజులు బాధపడ్డాను. తీరా చూస్తే బ్యాటరీ నీరసించి బల్బు పసుపుగా వెలుగుతోంది; కొత్త బ్యాటరీ వేయగానే ఆకాశం నీలం తిరిగి వచ్చింది.

ఇక అసలు చిక్కు చట్రంలో ఉంటుంది. కెమెరాలో బొమ్మలు తలకిందులుగా పడతాయి కాబట్టి, ఫిల్మ్ పట్టీని నిలువుగా సరిచేసి పట్టుకుంటే ఎడమ కంటి బొమ్మ కుడివైపుకు వస్తుంది. బిగించేవారు వాటిని మార్చి పెట్టడం మరిచిపోతే లోతు తిరగబడుతుంది. నా దగ్గరున్న ఒక స్లైడులో చెట్టు ముందు కూర్చున్న మనిషి, ఆకుల వెనక తవ్విన గోతిలో ఉన్నట్టు కనిపించేవాడు. దీన్ని వ్యూయర్ లేకుండానే పట్టుకోవచ్చు: దగ్గరి వస్తువు, వెనకనున్న దృశ్యంతో పోలిస్తే, ఎడమ బొమ్మలో కాస్త కుడికి జరిగి ఉండాలి. అలా లేకపోతే రెండు ముక్కలనూ తిప్పకుండా, బోర్లించకుండా స్థానాలు మాత్రం మార్చండి. ఒక ముక్క రెండోదానికంటే పైకో కిందికో ఉంటే తలనొప్పి ఖాయం. అది కొత్త కళ్లజోడుకు అలవాటుపడటం లాంటిది కాదు, ఓర్చుకుంటే తగ్గదు, చట్రాన్నే సరిచేయాలి.

అందరూ ఒకేసారి చూడాలంటే రెండు లెన్సుల ప్రొజెక్టర్, పరస్పరం లంబంగా అమర్చిన పోలరైజింగ్ ఫిల్టర్లు (ఒకే దిశలో కంపించే వెలుతురునే వదిలి, ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరేలా చేసేవి), వాటికి సరిపోయే కళ్లద్దాలు కావాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది వెండిపూత తెర. నేను మొదట తెల్ల గోడ మీద వేసి చూశాను. గోడ పోలరైజేషన్‌ను చెదరగొట్టేయడంతో రెండు బొమ్మలూ రెండు కళ్లకూ కలిసే కనిపించాయి. ఫిల్టర్లు వెలుతురులో సగానికి పైగా మింగేస్తాయి కనుక గది కూడా పూర్తిగా చీకటిగా ఉండాలి. కోడాక్రోమ్ చీకట్లో దశాబ్దాల పాటు రంగు నిలుపుకున్నా, ప్రొజెక్టర్ వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది. అందుకే నేను ముఖ్యమైన స్లైడ్లను ముందే స్కాన్ చేసుకున్నాను, తెర మీద ఒక్కోదాన్ని అర నిమిషానికి మించి ఉంచను.