తా.క.లో దాగిన ఎస్‌వోపీ

(విదేశీ చదువులపై పాఠకుల ప్రశ్నలు. జవాబులు ఇస్తున్నవారు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. స్వస్థలం తెనాలి.)

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీలో ఈసీఈ చేశాను. సీజీపీఏ 7.4. రెండో సంవత్సరంలో రెండు బ్యాక్‌లాగులు పడ్డాయి, తర్వాత క్లియర్ చేశాను. ప్రస్తుతం హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. వచ్చే ఫాల్‌ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే) సెమిస్టర్‌కి అమెరికాలో ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఎస్‌వోపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పంపే వ్యాసం) రాసిచ్చారు, కాపీ జత చేశాను. చదువుతుంటే అందులో నేనే కనిపించడం లేదు. ‘అందరికీ ఇలాగే ఉంటుంది’ అంటున్నారు వాళ్లు. సొంతంగా రాద్దామంటే చెప్పుకోదగ్గది ఏమీ లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

తా.క. ఫైనలియర్‌లో నాన్న రొయ్యల చెరువుకి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోన్ మోగించే అలారం తయారుచేశాం. మొదట్లో బాగానే పనిచేసింది. తర్వాత ఊరికే మోగేది. అర్ధరాత్రి లేచి, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు వేసి వేసి విసుగొచ్చి, నాన్న ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టారు. ఫెయిలైన ప్రాజెక్టు కాబట్టి ఎస్‌వోపీలో రాయొద్దన్నారు కన్సల్టెన్సీ వాళ్లు.

జవాబు: బాబూ, ముందు మీరు పంపిన కాపీ సంగతి. మొదటి వాక్యంలోనే చిన్నప్పటి నుంచీ మీకు టెక్నాలజీ అంటే ఎనలేని ఆసక్తి అని ఉంది. రెండో పేరాలో కలల గురించి కలాం గారి కొటేషన్. మూడో పేరాలో మీరు కష్టజీవి, బృందంతో కలిసి పనిచేయగలరు, నాయకత్వ లక్షణాలు దండిగా ఉన్నాయి. ఆఖర్న అమెరికా విశ్వవిద్యాలయాలకు ఒక దండకం. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రతి ఏడాదీ ఈ ఎస్‌వోపీ నా చేతికి వచ్చింది, ఒక్కోసారి ఒక్కో పేరుతో. ఒకే ఊరి నుంచి వచ్చిన రెండు ఫైళ్లలో వాక్యానికి వాక్యం కలిసిపోతే మా వాళ్లంతా నా వైపు చూస్తారు, వాటిని నేనే రాసిచ్చినట్టు.

ఫైలు చదివేది ఎవరో తెలుసుకుంటే ఏం రాయాలో సగం తేలిపోతుంది. అక్కడ కూర్చునేది ఇంగ్లిష్ మేష్టార్లు కాదు, మీరు చేరబోయే డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పుకుంటూ, ల్యాబులు నడుపుకుంటూ, గ్రాంట్ల కోసం తలపట్టుకునేవాళ్లు. మధ్యాహ్నం క్లాసుకీ సాయంత్రం మీటింగుకీ నడుమ ఒక్కో ఫైలుకి కొద్ది నిమిషాలు. ముందు మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తారు, ఆ తర్వాత ఎస్‌వోపీ తెరుస్తారు. ఈ పిల్లవాడు చిక్కు సమస్య ఎదురైతే ఏం చేస్తాడు, మా దగ్గర ఏం నేర్చుకోవాలని వస్తున్నాడు, అది మా దగ్గర ఉందా? వాళ్లు వెతుక్కునేది అదే. మీ ఆసక్తి ఎనలేనిదా, ఎన్నదగినదా అన్న విచారం ఎవరికీ ఉండదు.

ఇక మీ తా.క. దగ్గరికి వద్దాం. అది చదివాక ఉండబట్టలేక మీకు ఫోన్ చేశాను కదా. ఎస్‌వోపీ గురించి అడిగితే నసిగిన మనిషి, ఆ అలారం ప్రోబ్ (నీళ్లలో ముంచి ఉంచే సెన్సర్) గురించి అడగ్గానే ఆపకుండా చెప్పుకుపోయారు. మీరు చెప్పినదాన్నే ఇక్కడ పేరాగా రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో మీ మాటల్లో రాసుకోండి.

“రాత్రి మూడింటికి అలారం మోగితే నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్లి ఏరేటర్లు ఆన్ చేసేవారు. వరసగా కొన్ని రాత్రులు మోగేసరికి అనుమానం వచ్చి, పక్క చెరువు టెక్నీషియన్ దగ్గర చేతి మీటర్ తెచ్చి చూశాం. నీళ్లలో ఆక్సిజన్ సరిపడా ఉంది. ముందు కోడ్‌ని అనుమానించాం, తర్వాత వైరింగ్‌ని. ప్రోబ్ బయటికి తీస్తే దాని కొస మీద జారుడుగా పాచి. తుడిచి పెడితే రీడింగ్ సరైంది, కొన్నాళ్లకు మళ్లీ పడిపోయింది. ఆక్సిజన్ కొలిచే పరికరం చేయగలిగాం. తన రీడింగ్ ఎప్పుడు నమ్మదగ్గది కాదో దానికే తెలిసేలా చేయలేకపోయాం. అది చేయాలంటే ఏమేం నేర్చుకోవాలో అప్పటికి మాకు తెలియదు.”

ఈ పేరాలో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ చదివిన ప్రొఫెసర్ కుర్చీలో కాస్త ముందుకి వంగుతాడు. ఎందుకంటే నీళ్లలో నెలల తరబడి ఉండే సెన్సర్లకి పాచి పట్టడం ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పి. నదుల్లో, సముద్రంలో, మురుగునీటి ప్లాంట్లలో అందరూ దాంతో కుస్తీ పడుతున్నవాళ్లే. ఆ కుస్తీ బరిలోకి మీరు చెరువు గట్టు మీద నుంచే దిగారు. దాన్ని ఫెయిలైన ప్రాజెక్టు అన్నవాళ్లకి మార్కెటింగ్ తెలుసేమో గానీ ఇంజినీరింగ్ తెలిసినట్టు లేదు.

ఇంకో పని చేయండి. ఆ రోజుల రీడింగులు పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కడైనా ఉంటే వెతికి గ్రాఫ్ గీయండి. నాచుతో నీరు పచ్చగా ఉన్న చెరువులో ఎండ కాసిన మధ్యాహ్నం ఆక్సిజన్ పెరుగుతుంది. రాత్రంతా ఆ నాచు, రొయ్యలు, అడుగు బురద కలిసి వాడుకుంటే తెల్లవారుజాముకి బాగా తగ్గుతుంది. నిజంగా రాత్రి ఆక్సిజన్ పడిపోయిన రోజు కూడా అంతకుముందు మధ్యాహ్నపు శిఖరం కనిపించాలి. పాచి పట్టిన ప్రోబ్ అయితే ఆ మధ్యాహ్నపు శిఖరం కూడా రోజురోజుకీ కుంగుతూ రావాలి. ఇది నా అంచనా మాత్రమే. మీ రీడింగులు వేరేలా చెబితే అదే రాయండి, అది ఇంకా బాగుంటుంది. మబ్బు పట్టిన రోజులను పక్కన పెట్టి చూడడం మరచిపోవద్దు. ఆ గ్రాఫ్ చూసి మీకు తోచింది మూడు వాక్యాల్లో రాస్తే, మీ 7.4 సీజీపీఏ చెప్పలేనిది అది చెబుతుంది.

అక్కడి నుంచి మిగతాది దానంతటదే వస్తుంది. మీ టెస్టింగ్ ఉద్యోగాన్ని కన్సల్టెన్సీ వాళ్లు ‘ప్రఖ్యాత బహుళజాతి సంస్థలో విలువైన అనుభవం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రోజంతా మీరు చేసే పని, పరికరం ఇచ్చిన జవాబుని ఎంతవరకు నమ్మాలో తేల్చడమే కదా! చెరువులో వచ్చిన ప్రశ్నే ఆఫీసులో వేరే బట్టలు వేసుకుని వచ్చింది. ఆఫీసులో మీరు పట్టుకున్న ఒక బగ్ గురించి, కంపెనీ రహస్యాలు బయటపడకుండా, నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత ఎంఎస్‌లో ఏం చదవాలనుకుంటున్నారో రాయండి: సిగ్నల్ ప్రాసెసింగ్, తక్కువ కరెంటుతో నడిచే ఎంబెడెడ్ డిజైన్, సెన్సర్ లోపాలను గుర్తించే పద్ధతులు. ఇప్పుడు ఆ కోర్సుల పేర్లు బ్రోషర్ నుంచి ఎత్తి రాసినట్టు ఉండవు.

బ్యాక్‌లాగుల గురించి రెండు వాక్యాలు చాలు. ఏ సబ్జెక్టులు, ఎప్పుడు క్లియర్ అయ్యాయి, తర్వాత అదే దారిలో ఏ సబ్జెక్టులో మంచి మార్కులు వచ్చాయి. అప్లికేషన్‌లో అదనపు సమాచారానికి విడిగా చోటు ఉంటే అక్కడే రాయండి. డెంగీ వచ్చింది, లెక్చరర్ సరిగా చెప్పలేదు అంటూ సాగదీస్తే, పెద్దగా పట్టించుకోనివాళ్లు కూడా వెనక్కి తిరిగి ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తారు.

ఆ యూనివర్సిటీయే ఎందుకు అనే పేరా ఒక్కో చోటికి ఒక్కోటి రాయాల్సిందే, దగ్గరదారి లేదు. ర్యాంకింగ్ గురించి రాయకండి, వాళ్ల ర్యాంకు వాళ్లకి మీకన్నా బాగా తెలుసు. థీసిస్ చేయాలనుకుంటే ఆ ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పేపర్ అయినా చదివి, అందులో మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్నదేదో చెప్పండి. ఆ ప్రొఫెసర్ ఇంకా అక్కడే ఉన్నారో, రిటైరయ్యారో చూసుకోండి. కోర్సులు మాత్రమే చదివే ఎంఎస్ అయితే ప్రొఫెసర్ల పేర్ల జాబితా అక్కర్లేదు. పంపేముందు యూనివర్సిటీ పేరు మార్చారో లేదో కూడా చూసుకోండి. పక్క రాష్ట్రం యూనివర్సిటీలో చేరడం తమ జీవితాశయం అని మాకు రాసినవాళ్లు ఉన్నారు, ఏటా ఉంటారు.

నిడివి వాళ్లు అడిగినంతే. చాలాచోట్ల 500 నుంచి 1000 పదాల మధ్య, లేదా రెండు పేజీలు. కలాం గారి కొటేషన్ తీసేయండి. ఆయన మీద గౌరవం ఉంటే పాచి సమస్య సంగతి చూడండి, సంతోషిస్తారు.

ప్రశ్న: మేడమ్, మాది కామారెడ్డి జిల్లా. గురుకులంలో చదువుకుని బీఎస్సీ నర్సింగ్ చేశాను. అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తుంటే ఒక యూనివర్సిటీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పర్సనల్ స్టేట్‌మెంట్ రెండూ వేర్వేరుగా అడిగింది. రెండింటికీ తేడా ఏంటి? మా పేదరికం గురించి రాస్తే జాలి కోసం రాసినట్టు ఉంటుందేమోనని సిగ్గుగా ఉంది.

జవాబు: అమ్మా, మిషిగన్, బర్క్‌లీ లాంటి చోట్ల అలా రెండు అడగడం మామూలే. మొదటిది మీ పని గురించి: ఏం చేశారు, ఏం చదవాలనుకుంటున్నారు. రెండోది మీ దారి గురించి: మీరు ఎక్కడి నుంచి వచ్చారో అది మీ చదువునీ ఆలోచననీ ఎలా మలిచింది. ఒకదాంట్లో రాసినది ఇంకోదాంట్లో దింపకండి. ప్రశ్నల మాటలు కూడా ఏటా మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది పేజీలో ఏం అడిగారో అక్షరం అక్షరం చదవండి.

సిగ్గుపడాల్సిన పని లేదు. ‘మేము చాలా పేదవాళ్లం’ అని రాస్తే చదివినవాళ్లు అయ్యో అనుకుని పేజీ తిప్పుతారు. ఉత్తరం రెండో పేజీలో మీరు రాసిన సంగతి చూడండి: బీడీ పెన్షన్ కోసం మీ వాడకట్టు ఆడవాళ్లకి మీరే కాగితాలు నింపేవారనీ, పీఎఫ్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి చాలామందివి తిరిగొచ్చేవనీ రాశారు. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు, పక్కన అర్జీ ఫారం. దాంతో మొదలుపెట్టండి. ఆ పేర్లు సరిచేయించడానికి ఎక్కడెక్కడికి వెళ్లారు, ఎన్ని ఫారాలు దాటాయి, ఎన్ని ఆగిపోయాయి, అది రాయండి. పథకం ఉండడం వేరు, అది మనిషికి అందడం వేరు. పబ్లిక్ హెల్త్‌లో సగం పాఠాలు దీని చుట్టూనే తిరుగుతాయి. మీరు ఇంటర్ నాటికే అది చూసేశారు. దగ్గుతో ఆస్పత్రికి వచ్చే బీడీ కార్మికులను నర్సుగా చూసిన అనుభవం మాత్రం పర్పస్ స్టేట్‌మెంట్‌లోకి వెళ్లాలి. అమ్మ త్యాగం గురించి పేరా పేరా రాయకండి. ఆమె రోజుకి ఎన్ని వందల బీడీలు చుట్టేదో ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ఎస్‌వోపీ చాట్‌జీపీటీతో రాయించాడు. ఇంగ్లిష్ చాలా బాగుంది. ఏమైనా ఇబ్బందా? — ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఇబ్బందే సార్. చాలా అప్లికేషన్లలో ఇది నా సొంత రాత అని ఒప్పుకుంటూ టిక్ పెట్టాలి. తప్పులు దిద్దుకోవడానికి వాడుకోనిచ్చే చోట్లు ఉన్నాయి, అసలే వద్దనే చోట్లు ఉన్నాయి. ఆ యూనివర్సిటీ నియమం చూడమనండి. నియమం సంగతి అటుంచితే, భీమవరం కుర్రాడి పాచి దానికి తెలియదు. ఎవరైనా చెబితే తప్ప అది రాయలేదు. మీవాడు అడిగింది ‘మంచి ఎస్‌వోపీ రాయి’ అనే అయితే, వాడి క్లాస్‌మేట్ అడిగినా దాదాపు అదే వచ్చి ఉంటుంది.

మీరు అడగని ఇంకో సంగతి ఉంది. మన కాలేజీల్లో రికమండేషన్ లెటర్ అడిగితే ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అంటారు. అలా రాసుకున్న మూడు లెటర్లూ, ఎస్‌వోపీ ఒకే ఇంగ్లిష్‌లో, ఒకే పొగడ్తలతో పక్కపక్కన తెరుచుకుంటే, ఎంత హడావుడిగా చదివేవాళ్లకైనా దొరికిపోతుంది. సార్ తనే రాసేలా చూసుకోవాలి. అందుకు ఆయన పని తేలిక చేయాలి. ల్యాబ్‌లో మీవాడు ఏం చేశాడు, ఎక్కడ ఇరుక్కున్నాడు, దాన్నుంచి ఎలా బయటపడ్డాడు అన్నది ఒక పేజీలో రాసి, మార్కుల కాపీతో కలిపి ఆయన చేతికి ఇమ్మనండి. డిసెంబరు 15 గడువు ఉన్న యూనివర్సిటీలకైతే దసరా సెలవులకు ముందే ఇవ్వాలి. ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షల పనిలో పడితే సార్లు దొరకరు.