పెనుకొండ కియానా, హోసూరు ఈవీ స్టార్టప్‌నా? ముందు ఇంట్లో వాదన దేని మీదో తేల్చుకోండి

ప్రశ్న: మాది హిందూపురం. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ మెకానికల్ పూర్తి చేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి పెనుకొండ కియా ప్లాంట్‌లో గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ. రెండోది హోసూరు దగ్గర ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల స్టార్టప్. అక్కడ జీతం దాదాపు రెట్టింపు, పైగా కంపెనీ షేర్లు కూడా ఇస్తామంటున్నారు, కాకపోతే రెండేళ్ల బాండ్ ఉంది. ఇంట్లో రోజూ గొడవే. టయోటా, మారుతి లాంటి నమ్మకమైన కంపెనీ దొరికేదాకా ఆగమని నేనంటున్నాను. కొరియా ఇంజిన్ల మీద అమెరికాలో కేసులు పడ్డాయని, ఫోర్డ్, షెవ్రొలే పోయినట్టే వీళ్లూ ఒకరోజు సర్దుకుని పోతారని మా బావమరిది అంటాడు. పెట్రోలు కార్లకు భవిష్యత్తే లేదని అమ్మాయి అంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: సార్, మీరు ముగ్గురూ ఒకే విషయం మీద గొడవ పడుతున్నామనుకుంటున్నారు గానీ, మీరు మాట్లాడేది కారు గురించి, మీ బావమరిది మాట్లాడేది కంపెనీ గురించి, అమ్మాయి మాట్లాడేది టెక్నాలజీ గురించి. ఆమె చేతికొచ్చిన ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. కారు చెడిపోదు అంటే కంపెనీ చెడిపోదని కాదు, కంపెనీ బాగుందంటే మీ అమ్మాయి కుర్చీ బాగుందనీ కాదు.

ఫోర్డ్ సంగతే చూద్దాం, మీ బావమరిది ఎత్తాడు కాబట్టి. ఎకోస్పోర్ట్, ఎండీవర్ ఉన్నవాళ్లని ఇవాళ అడిగినా ఆ బండి గట్టిదనం గురించి పొగుడుతూనే ఉంటారు. 2021 సెప్టెంబరు 9న ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది కూడా ఆ కంపెనీయే. బండ్లు బాగాలేక కాదు. అంతకుముందు పదేళ్లలో ఇక్కడ 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం పోగైంది. ఏడాదికి నాలుగు లక్షలకు పైగా కార్లు చేయగల ప్లాంట్లు కట్టుకుని చివరికొచ్చేసరికి అందులో ఐదో వంతు దాకా మాత్రమే వాడగలిగారు. ఖాళీగా ఉన్న లైన్‌కి కూడా కరెంటు, అప్పు మీద వడ్డీ, జీతాలు అన్నీ కట్టాలి కదా, ఎంత మంచి బండైనా ఆ లెక్కను మోయలేదు. అమెరికాలో ఉన్న మాతృసంస్థ మాత్రం బతికే ఉంది, ఇప్పటికీ ఉంది.

ఇంకో ముక్క కూడా వినండి. అదే ఫోర్డ్‌కి గుజరాత్‌లో సానంద్ ప్లాంట్, చెన్నై దగ్గర మరైమలై నగర్ ప్లాంట్ ఉండేవి. సానంద్‌ని టాటా వాళ్లు 725.7 కోట్లకు కొన్నారు, అర్హులైన ఉద్యోగులకు ఉద్యోగాలు ఇస్తామని ఒప్పందంలోనే రాసుకున్నారు. చెన్నైలో మాత్రం కార్మికులు పరిహారం ఎంతనేది తేలక 2022లో ఆందోళనకు దిగాల్సి వచ్చింది. మూడో రకం వాళ్లు కూడా ఉన్నారు, అదే ఫోర్డ్‌కి చెన్నైలో ఐటీ, ఇంజినీరింగ్, అకౌంట్స్ చేసే పెద్ద కేంద్రం ఉంది, కార్ల తయారీ ఆగిపోయాక కూడా అందులో వేలమంది పనిచేస్తున్నారు, 2024 నాటికి ఆ సంఖ్య 12,000 అని కంపెనీయే చెప్పింది. జనరల్ మోటార్స్‌దీ అదే కథ, 2017 చివరికి ఇక్కడ షెవ్రొలే అమ్మకాలు ఆపేసినా బెంగళూరు టెక్నికల్ సెంటర్ నడుస్తూనే ఉంది. ఒకే కంపెనీ, ఒకే దేశం, మూడు రకాల తలరాతలు. అందుకే కంపెనీ మంచిదా కాదా అని అడిగేకంటే, అమ్మాయి వెళ్లేది ఏ ప్లాంటుకి, ఏ పనికి, ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరు ఉంది అని అడగండి.

ఆ పేరు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. పెనుకొండ చుట్టూ కియాకి సరఫరా చేసే వెండర్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఊళ్లో అందరూ వాటన్నిటినీ కలిపి కియా అనే అంటారు. లెటర్ మీద "కియా ఇండియా ప్రైవేట్ లిమిటెడ్" అని ఉందా, వెండర్ పేరు ఉందా, మధ్యలో మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్ పేరు ఉందా అన్నది అక్షరం అక్షరం చదవండి. వెండర్ అయితే తప్పని కాదు, అక్కడ పని నేర్చుకుని పైకొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ వెండర్ చేసే సరుకంతా ఒక్క కస్టమర్‌కే పోతుంటే, కస్టమర్ ప్రొడక్షన్ ప్లాన్ తగ్గిన నెలలోనే ఆ సెగ ఇక్కడ తగులుతుంది.

ఇక కొరియా ఇంజిన్లు. మీ బావమరిది అబద్ధం చెప్పలేదు. థీటా 2 అనే ఇంజిన్ల విషయంలో అమెరికాలో హ్యుందాయ్, కియా రెండూ రీకాల్స్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం), కేసులు ఎదుర్కొన్నాయి, 2020 మూడో త్రైమాసికంలో ఆ ఖర్చు కోసం పెద్ద మొత్తం పక్కన పెట్టి హ్యుందాయ్ ఏకంగా నష్టం చూపించింది. కానీ ఆ దెబ్బకి కూలిపోయాయా? లేదు. 2024లో కియా అమ్మకాల మీద నిర్వహణ లాభం 11.8 శాతం, కార్ల వ్యాపారంలో అది చాలా గొప్ప అంకె. 2025లో అమెరికా సుంకాల వల్ల దిగింది, అది వేరే సంగతి. ఇంకా తమాషా ఏంటంటే, ఇదే కియా 1997 ఆసియా సంక్షోభంలో దివాలా తీసింది, 1998లో హ్యుందాయ్ కొనుక్కుంది. ఆ రోజుల్లో అమెరికాలో కొరియా కారంటే నవ్వులాట. ఆ చెడ్డపేరు పోగొట్టుకోడానికే హ్యుందాయ్ పదేళ్లు, లక్ష మైళ్ల వారంటీ ఇచ్చింది. వారంటీ ఇచ్చాక ప్రతి లోపానికీ సొంత జేబులోంచే డబ్బు పోతుంది కాబట్టి క్వాలిటీ బాగుచేసుకోక తప్పలేదు.

నమ్మకానికీ డబ్బుకీ అసలైన లంకె ఉన్నది ఇక్కడే, మన ఇళ్లల్లో వాదనలు మాత్రం దీన్ని వదిలేసి సాగుతాయి. యాన్యువల్ రిపోర్టులో వారంటీ కోసం ఎంత పక్కన పెట్టారో ఒక లైను ఉంటుంది. అమ్మకాలకంటే ఆ లైను వేగంగా పెరుగుతుంటే, షోరూమ్‌లో ఎన్ని మెరుపులున్నా ఫ్యాక్టరీలో ఏదో తేడా జరుగుతున్నట్టే. 2024 జులైలో ఫోర్డ్ త్రైమాసిక ఫలితాల్లో వారంటీ, రీకాల్ ఖర్చు అంతకుముందు త్రైమాసికంకంటే 80 కోట్ల డాలర్లు పెరిగిందని తెలియగానే షేరు ఒక్కరోజులో 18 శాతం దాకా పడింది. రీకాల్ అన్న మాట వినగానే భయపడక్కర్లేదు, మీరు మెచ్చుకునే మారుతి కూడా 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లు వెనక్కి పిలిచింది, పిలిచి సరిచేసింది, అంతే. టయోటా గ్రూపులోని డైహత్సు 2023 డిసెంబరులో భద్రతా పరీక్షల్లో జరిగిన తప్పుల వల్ల అన్ని మోడళ్ల సరఫరా ఆపుకోవాల్సి వచ్చింది. టయోటా దగ్గర డబ్బు నిల్వలున్నాయి కాబట్టి తట్టుకుంది. నిస్సాన్ కూడా జపాన్ కంపెనీయే, 2025లో 20,000 ఉద్యోగాలు తీసేస్తామని చెప్పింది, చెన్నై ఒరగడం ప్లాంట్‌లో తన వాటా రెనోకి ఇచ్చేసింది. జపాన్ అనగానే నిశ్చింత అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

నష్టాలొచ్చిన కంపెనీలో చేరొద్దు అన్న సూత్రం కూడా అన్నిసార్లూ పనిచేయదు. 2018 చివరి త్రైమాసికంలో టాటా మోటార్స్ 26,961 కోట్ల నష్టం చూపించింది, అప్పటికి మన దేశ కార్పొరేట్ చరిత్రలోనే అంత పెద్ద త్రైమాసిక నష్టం లేదు. ఎక్కువభాగం జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఆస్తుల విలువ తగ్గించి రాసుకోవడం వల్ల లెక్కల పుస్తకాల్లో కనిపించిన నష్టం అది. ఆ సంవత్సరం క్యాంపస్‌లో పిల్లలు టాటా ఆఫర్ తీసుకోవాలా వద్దా అని తల పట్టుకున్నారు. ఐదేళ్లు తిరిగేసరికి, 2023-24లో, అదే కంపెనీ 31,000 కోట్లకు పైగా లాభం చూపించింది. నష్టం ఎందుకు వచ్చింది, రోజువారీ వ్యాపారంలో డబ్బు వస్తోందా పోతోందా అన్నది చూడకుండా అంకె ఒక్కటే చూస్తే ఇలాగే పొరపాటు పడతాం.

స్టార్టప్ దగ్గరికి వద్దాం, నాకు టెన్షన్ ఉన్నది అక్కడే. ఎలక్ట్రిక్ స్కూటర్ల వ్యాపారం కొంతకాలం ప్రభుత్వ సబ్సిడీ మీద నడిచింది, 2023 జూన్‌లో ఫేమ్-2 సబ్సిడీ పరిమితిని బండి ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి తగ్గించగానే చాలామంది లెక్కలు తారుమారయ్యాయి. హీరో ఎలక్ట్రిక్ (హీరో మోటోకార్ప్ కాదు, అది వేరే కంపెనీ) 2021-22లో ఎలక్ట్రిక్ టూవీలర్లలో దేశంలోనే ముందుంది, 2024 డిసెంబరుకి దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది. ఓలా ఎలక్ట్రిక్ షేరు 2024 ఆగస్టులో 76 రూపాయలకు మార్కెట్‌లోకి వచ్చి, కొద్దిరోజుల్లోనే 150 దాటి, మరుసటి ఏడాదికల్లా 50 కిందికి జారింది. మధ్యలో సర్వీసు మీద పదివేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని వినియోగదారుల పరిరక్షణ సంస్థ నోటీసిచ్చింది. మీ అమ్మాయికి షేర్లు ఇస్తామన్న కంపెనీ ఇంకా మార్కెట్‌లో లిస్ట్ కూడా కాకపోతే, ఆ షేర్లను ఇప్పుడు సున్నా కింద లెక్కేసుకుని జీతం ఒక్కటే పోల్చండి. ఆ జీతంలో కూడా చేతికొచ్చేది ఎంత, పెర్ఫార్మెన్స్ పేరుతో ఏడాది చివర ఇస్తామన్నది ఎంత, విడదీసి చూడండి. రెట్టింపు కాస్తా ఒకటింపావు అయిపోవడం మామూలే.

స్టార్టప్ ఆరోగ్యం ఎలా తెలుస్తుంది అంటారా, ఫోన్‌లోనే తెలుస్తుంది. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారు, ఎంతమంది పేరు మీద కట్టారు అన్నది వరుసగా వస్తుంది. జనవరిది ఫిబ్రవరి 15 లోపు కట్టాలి, అది ఏప్రిల్‌లో కట్టి ఉంటే, మనుషుల సంఖ్య ప్రతి నెలా కరిగిపోతూ ఉంటే, హెచ్‌ఆర్ ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మొద్దు. కంపెనీలు అప్పు తీర్చగలవా లేదా అని రేటింగ్ ఇచ్చే క్రిసిల్, ఇక్రా, కేర్ సంస్థల సైట్లలో ఆ కంపెనీ పేరుతో రేటింగ్ నోట్ ఉందేమో వెతకండి, అందులో "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని కనిపిస్తే కంపెనీ తన లెక్కలు వాళ్లకు ఇవ్వడం మానేసిందని అర్థం. ఆడిటర్ రిపోర్టులో కంపెనీ నిలబడటం మీదే అనుమానం రాసి ఉంటే ఇక ఆలోచించే పనే లేదు. ఇవన్నీ అమ్మాయి ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి. మీరు పక్కన కూర్చోండి, మీ బావమరిదిని కూడా కూర్చోబెట్టండి.

అమ్మాయి మాటలో సగం నిజముంది, బండ్లు కరెంటు వైపు వెళ్తున్నాయి. మిగతా సగం ఏంటంటే పాత కంపెనీలు కూడా అటే వెళ్తున్నాయి. కియా వాళ్ల ఎలక్ట్రిక్ కారు కారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జులైలో విడుదలైంది, తయారయ్యేది మీ పక్కనున్న పెనుకొండలోనే. ఈవీ నేర్చుకోవాలంటే స్టార్టప్‌కే పోవాలని లేదు.

నా మాట సూటిగా చెప్తాను. లెటర్ నేరుగా కియా నుంచే అయితే అందులోనే చేరమనండి. చేరేటప్పుడు క్వాలిటీ విభాగమో, వెండర్ క్వాలిటీయో అడగమనండి, ఇవ్వకపోయినా అడగడంలో తప్పులేదు. వారంటీలో వెనక్కొచ్చిన పార్టుని టేబుల్ మీద పెట్టుకుని, ఇది ఏ షిఫ్టులో తయారైంది, ఏ బ్యాచ్ స్టీలు, బోల్టు ఎంత టార్క్‌తో బిగించారు అని వెనక్కి తవ్వుకుంటూ పోయి 8డీ రిపోర్టు (లోపానికి అసలు కారణం, మళ్లీ రాకుండా ఏం చేశారో ఎనిమిది మెట్లలో రాసేది) రాయడం రెండు మూడేళ్లు చేస్తే, ఆ పని తెలిసినవాళ్లను పెట్రోలు కంపెనీ అయినా బ్యాటరీ కంపెనీ అయినా పిలిచి తీసుకుంటుంది. కాలేజీలో ఇది ఎవరూ నేర్పరు. షిఫ్టులుంటాయి, కాళ్లు లాగుతాయి, మొదటి ఆరు నెలలు ఇంటికొచ్చి ఏడ్చినా ఆశ్చర్యపోవద్దు. టయోటా కోసం, మారుతి కోసం ఆగడం మాత్రం వద్దు సార్, చేతిలో ఆఫర్ పెట్టుకుని ఏడాది ఖాళీగా కూర్చుంటే వచ్చే ఏడాది బ్యాచ్‌తో పోటీపడాలి.

కియా లెటర్ కాంట్రాక్టర్ పేరు మీద ఉండి, స్టార్టప్ పైన చెప్పిన పరీక్షలన్నీ గట్టెక్కితే అప్పుడు హోసూరు పంపండి, నేను కాదనను.

బాండ్ విషయం. కాగితం మీద సంతకం కదా, కోర్టులో చెల్లదులే అని ఎవరైనా చెబితే వినకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రైవేటు కంపెనీ కేసు ఏమవుతుందన్నది బాండ్‌లో ఏం రాశారు, శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయింది అన్న వాటిమీద ఉంటుంది. అందుకే మొత్తం ఎంత, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా అన్న మూడూ మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకుంటామంటే మాత్రం ఇవ్వొద్దు, చూపించి తెచ్చేసుకోండి. కియా జాయినింగ్ తేదీ దగ్గరపడుతుంటే వారం పది రోజులు గడువడుగుతూ ఇవాళే మెయిల్ పెట్టమనండి, ఫ్రెషర్లు అలా అడగడం హెచ్‌ఆర్ వాళ్లకు కొత్తేం కాదు.